కుక్కపిల్లను కొనే ముందు తల్లిని చూడాలి

ఉప్పల్: ఫోనులో ఫొటో చూసి బయానా పంపి, మెట్రో స్టేషన్ వద్ద కుక్కపిల్లను అందుకునే బేరానికి ఉప్పల్, నాచారం వాసులు దూరంగా ఉండటమే మంచిది. పెంపకందారు ఇంటికే వెళ్లి తల్లికుక్కను చూడాలి. కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. నెల పిల్లను రెండు నెలలదని అంటగట్టేవారూ లేకపోలేదు. టీకా పుస్తకంలో తేదీ, సీసా లేబుల్, పశువైద్యుడి సంతకం లేకుంటే టీకా వేయనట్టే భావించాలి. పార్వో వైరస్ సోకిన పిల్లలో లక్షణాలు బయటపడేందుకు సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. కొన్ననాడు గంతులేసిన పిల్లే వారం తిరిగేసరికి వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. అప్పటికి అమ్మినవారి ఫోను పనిచేయకపోవచ్చు. అందుకే చిరునామాతో రసీదు రాయించుకొని, అదే రోజు పిల్లను పశువైద్యుడికి చూపించాలి.