తెర మీద రేసు – తెర వెనుక ప్రాణం

కార్ల రేసు సినిమా అనగానే మనకు వేగం, చప్పుడు, చివరకు కథానాయకుని గెలుపు గుర్తుకు వస్తాయి. పిల్లలైతే కళ్ళు ఆర్పకుండా చూస్తారు. కాని 1966లో అమెరికాలోని ఎం.జి.ఎం. సంస్థ విడుదల చేసిన 'గ్రాండ్ ప్రీ' అనే చిత్రాన్ని అలా చూసి మరచిపోవడం కష్టం. అందులో నటులతో పాటు ఆనాటి నిజమైన రేసు డ్రైవర్లు కూడా కనిపిస్తారు. తెర మీద మనం చూసే ఆ ముఖాలలో కొన్ని, నాలుగైదు సంవత్సరాలు తిరగక ముందే శాశ్వతంగా కనుమరుగైపోయాయి.

ఈ చిత్రానికి దర్శకుడు జాన్ ఫ్రాంకెన్‌హైమర్. ఆయన మొనాకో వీధులలో, బెల్జియంలోని స్పాలో, ఇటలీలోని మోంజాలో, అసలు రేసులు జరిగే చోట్లనే చిత్రీకరణ జరిపాడు. కెమెరాలను కార్లకే బిగించాడు. అందువలన చూచేవారికి తామే నేలకు జానెడు ఎత్తున కూర్చుని దూసుకుపోతున్నట్లు అనిపిస్తుంది. నటులు నడిపిన కార్లు నిజానికి చిన్న తరగతివి. వాటిని పెద్ద రేసు కార్లలా కనిపించేటట్లు తీర్చిదిద్దారు. ముఖ్య నటుడు జేమ్స్ గార్నర్ తన కారును తానే నడిపాడు. కూర్పుకు, శబ్దానికి, శబ్ద ఫలితాలకు కలిపి ఈ చిత్రానికి 3 ఆస్కార్ బహుమతులు వచ్చాయి.

కథ ఏమిటి? నలుగురు డ్రైవర్లు, ఒక సంవత్సరపు రేసులు. వారిలో సార్తి అనే పెద్దవాడు అలసిపోయాడు. ఈ పని ఇక చాలునని అతని మనస్సు చెబుతూనే ఉంది. అయినా చివరి రేసుకు దిగుతాడు, మోంజాలో ప్రాణం పోగొట్టుకుంటాడు. అతనిని ప్రేమించిన స్త్రీ రక్తం అంటిన తన చేతులను చుట్టూ మూగిన ఫోటోగ్రాఫర్లకు చూపి, మీకు కావలసింది ఇదేనా అన్నట్లు కేకలు వేస్తుంది. ఆ ప్రశ్న ఫోటోగ్రాఫర్లకే కాదు, టిక్కెట్టు కొని కూర్చున్న మనకు కూడా. ఇక గెలిచినవాడో? జనమంతా వెళ్ళిపోయిన తరువాత ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా నడుస్తూ ఉండగా చిత్రం ముగుస్తుంది.

ఇది కట్టుకథే. అయితే నిజ జీవితంలో జరిగినది దీనికంటె బాధాకరం. ఈ చిత్రంలో కనిపించిన ఇటలీ డ్రైవరు లొరెంజో బందీని మరుసటి సంవత్సరమే, 1967లో, అదే మొనాకోలో కారుకు నిప్పంటుకుని, కాలిన గాయాలతో మూడు రోజులకు మరణించాడు. జిమ్ క్లార్క్ 1968లో జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో పోయాడు. బ్రూస్ మెక్‌లారెన్, యోహెన్ రింట్ ఇద్దరూ 1970లో పోయారు. రింట్ మరణించినది మోంజాలోనే! ఆ సంవత్సరపు ప్రపంచ విజేత బిరుదు అతని మరణం తరువాత అతనికి దక్కింది. ఆ బిరుదు భార్య కన్నీటిని తుడవగలదా?

1971లో వచ్చిన 'ల మాన్' చిత్రం సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది ఫ్రాన్సులో 24 గంటల పాటు సాగే రేసు గురించినది. కథానాయకుడు స్టీవ్ మెక్‌క్వీన్. మొదటి అరగంటకు పైగా మాటలు దాదాపు లేవు, ఇంజన్ల మోతే. 1970లో జరిగిన అసలు రేసులోనే ఒక కారుకు కెమెరాలు బిగించి పరుగెత్తించారు. ఆ తరువాత చిత్రీకరణ సమయంలో జరిగిన ప్రమాదంలో డేవిడ్ పైపర్ అనే డ్రైవరు ఒక కాలిని మోకాలి దిగువన పోగొట్టుకున్నాడు. మనం వినోదమని చూసేదానికి మరొకరు అంత ఖరీదు చెల్లించారు.

అయితే ఈ కథలో ఆశ కూడా ఉన్నది. 1966 జూన్ 12న స్పాలో, 'గ్రాండ్ ప్రీ' బృందం చిత్రీకరణ చేస్తున్న రేసులోనే, మొదటి చుట్టులో వాన కురిసి అనేక కార్లు జారిపోయాయి. స్కాట్లండు యువకుడు జాకీ స్టివర్ట్ నలిగిన కారులో, పెట్రోలులో తడుస్తూ ఇరుక్కుపోయాడు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ స్పానర్ అడిగి తెచ్చి ఆయనను బయటకు తీశారు.

ఆ దినం నుండి స్టివర్ట్ తన కారులో ఒక స్పానర్ అంటించి ఉంచుకునేవాడు. సీటు బెల్టులు, గట్టి కంచెలు, రేసు దగ్గర వైద్యులు ఉండాలని పట్టుబట్టాడు. పిరికివాడని కొందరు ఎగతాళి చేశారు. ఆయన లెక్కచేయలేదు. 1969, 1971, 1973లలో మూడుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషిని పిరికివాడని ఎవరు నమ్ముతారు? ఈనాటి డ్రైవర్లు ఘోర ప్రమాదాలలో సైతం లేచి నడిచి వస్తున్నారంటే, ఆనాటి ఆ పట్టుదల కూడా ఒక కారణం.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇటువంటి చిత్రాలు చూస్తుంటే వద్దని కసరవద్దు. పక్కన కూర్చుని మీరూ చూడండి. తెర మీది వేగంతో పాటు ఆ మనుష్యుల పేర్లు, వారి ముగింపులు కూడా చెప్పండి. తరువాత వాకిట్లో ఉన్న మోటారు సైకిలు తాళం అబ్బాయి చేతికి ఇచ్చేటప్పుడు హెల్మెట్ కూడా ఇవ్వండి. ఇంట్లో ఎదురు చూసేవారికి కావలసినది మొదట వచ్చినవాడు కాదు, తిరిగి వచ్చినవాడు.