చురుక్కుమనని చేతులు

రోహిణి కార్తె వస్తే రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ కార్తె మొదటి తొమ్మిది రోజులకు నౌతపా అని పేరు. ఆ రోజుల్లో రాయపూర్ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఉత్త కాలు ఆనిస్తే, ఆనీ ఆనకముందే వెనక్కి లాగేసుకుంటాం. అబ్బా అన్న మాట ఆ తర్వాత వస్తుంది. కాలు లాగమని చెప్పింది మెదడు కాదు, వెన్నుపాము. మెదడుకు కబురు అందేసరికే కాలు పైకి లేచి ఉంటుంది.

అదే రోడ్డు మీద కాలు కాలుతున్నా తెలియనివాళ్లు ఉన్నారు. ఇంటికి వెళ్లాక గచ్చు మీద తడి మరక చూసి, అరికాల్లో బొబ్బ చితికిందని తెలుసుకుంటారు. కుష్ఠు వ్యాధి నరాలను దెబ్బతీస్తే జరిగేది ఇదే. పదివేల మందిలో ఒక్క కేసు కంటే తక్కువకు తెచ్చి, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించామని మన దేశం 2005 డిసెంబరు నాటికి చెప్పుకోగలిగింది. అయితే ఆ గీత దాటలేక వెనకబడిన కొద్ది రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. రాయపూర్‌లోని లాల్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కుష్ఠు శిక్షణ, పరిశోధన సంస్థ కూడా ఉంది. నొప్పి మనకు ఏం చేసిపెడుతోందో అలాంటి చోటికి వచ్చే చేతులూ కాళ్లూ చూస్తే అర్థమవుతుంది.

చర్మం కింద నరాల కొసలు విచ్చుకుని ఉంటాయి. వేడి, చలి, నొప్పి సమాచారాన్ని మోసేవి వాటిలో బాగా సన్నని నరాలు. కొన్నింటికి పైన పల్చటి కొవ్వు పొర ఉంటుంది. వాటిలో కబురు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. పొర లేనివాటిలో సెకనుకు మీటరు అటూ ఇటూ, అంతే. పెనం అంచు తగిలినప్పుడు ముందు చురుక్కుమనడం, కాసేపటికి మంట మొదలవడం ఈ తేడా వల్లే. రెండు కబుర్లూ వెన్నుపాములో రెండో పక్కకు దాటి మెదడుకు చేరతాయి.

ఇంతకీ నరానికి వేడి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికింది మిరపకాయలో. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో నరాల పొరలో ఒక ప్రొటీన్‌ను పట్టుకుంది. మిరపలోని కాప్సైసిన్ తగిలితే అది తెరుచుకుంటుంది. వేడి సుమారు 43 డిగ్రీలు దాటినా అదే తెరుచుకుంటుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు కాలినట్టే ఉండటం అందుకే. ఆ క్షణాన మెదడుకు అందేది నిజంగా కాలుతోందన్న కబురే. పుదీనా జాతి మొక్కల్లోని మెంథాల్ చలిని పసిగట్టే మరో ప్రొటీన్‌ను కదిలిస్తుంది. ఈ పరిశోధనలకు, స్పర్శ మీద చేసిన పరిశోధనలకు కలిపి 2021లో జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

కుష్ఠు క్రిమికి చల్లదనం ఇష్టం. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించిన ఈ క్రిమి 37 డిగ్రీల ఒంటి వేడిలో అంత బాగా పెరగదు, 30 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా పెరుగుతుంది. అందుకే చెవి తమ్మెలు, ముక్కు, చేతులు, కాళ్లు వెతుక్కుంటుంది. మోచేతి దగ్గర, మోకాలి బయటి పక్కన చర్మానికి దగ్గరగా పోయే నరాల్లో చేరుతుంది. మొదట పోయేది సాధారణంగా వేడి, చలి తెలియడం. తర్వాత స్పర్శ, నొప్పి. ఒంటి వేడిని అదుపు చేసే ఏర్పాటు కూడా అక్కడ తెగిపోతుంది. ఎండ ముదిరితే మెదడులోని హైపోథాలమస్ చెమట పట్టించమని ఆజ్ఞ పంపుతుంది. ఆ ఆజ్ఞ వెళ్లేదీ సన్నని నరాల్లోనే. నరం చచ్చిన చోట చెమట పట్టదు. చర్మం ఎండి పగులుతుంది. పగులు నొప్పి పుట్టదు కాబట్టి దాని మీదే నడుస్తారు. అది పుండై ఎముక దాకా పోతుంది.

కుష్ఠు వస్తే వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. అది నిజం కాదని గట్టిగా చూపించినవాడు పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఈ ఇంగ్లిష్ సర్జన్ వెల్లూరులో పనిచేశాడు. కొందరికి రాత్రికి రాత్రి వేళ్లు తగ్గిపోతున్నాయెందుకని ఆరా తీస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. కొరికినా మెలకువ రాదు మరి. అప్పటి నుంచి రోగులను ఇంటికి పంపేటప్పుడు తోడుగా ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు.

తర్వాత అమెరికాలో ఆయన కృత్రిమ నొప్పి తయారు చేయబోయాడు. చేతి తొడుగులకు, మేజోళ్లకు ఒత్తిడిని పసిగట్టే పరికరాలు కుట్టించాడు. ప్రమాదం ఎదురైతే చెవి దగ్గర కూత వచ్చేది. రోగులు పట్టించుకోలేదు. చివరికి చిన్న కరెంటు షాక్ పెట్టించాడు. బరువు ఎత్తే ముందు వాళ్లు దాన్ని ఆపేసి, పని కాగానే మళ్లీ వేసుకునేవారు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. నొప్పి మన మాట వినదు కాబట్టే మనల్ని కాపాడుతోందని ఆయనకు తేలింది.

తెలుగు నేలకూ ఈ కథలో చోటుంది. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. విజయనగరం వైపు సాలూరులోనూ ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఉంది. సరైన మందు లేని ఆ రోజుల్లో చాల్‌మోగ్రా నూనె సూదులే దిక్కు.

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. ఒంటి మీద చుట్టూ ఉన్న రంగు కంటే పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో కనిపిస్తే ఆరోగ్య కార్యకర్త చేసే పరీక్ష చాలా చిన్నది. కళ్లు మూసుకోమంటారు. బాల్‌పెన్ను మొనతో ఒక చోట మెల్లగా తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమంటారు. మంచి చర్మం మీద వేలు సరిగ్గా అక్కడికే పోతుంది. మచ్చ మీద తాకినప్పుడు వేలు కదలకపోతే అనుమానించాల్సిందే. కొన్నిచోట్ల వేడినీళ్లు, చన్నీళ్లు పోసిన రెండు గాజు గొట్టాలు ఆనించి ఏది వేడో చెప్పమంటారు.

రోగాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో మందులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అన్నీ ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటించే గుణం పోతుంది. వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స, మొద్దుబారిన అరికాళ్లకు మెత్తటి రబ్బరుతో చేసిన ఎం.సి.ఆర్. చెప్పులు ఉన్నాయి. వీటన్నిటికంటే ముఖ్యం ఆలస్యం చేయకపోవడం. తిమ్మిరి మొదలై ఆరు నెలలు దాటకముందే వస్తే, స్టెరాయిడ్ కోర్సుతో నరాన్ని చాలావరకు దక్కించుకునే అవకాశం ఉంది. ఏళ్ల తరబడి చచ్చిపడి ఉన్న నరానికి ఏ మందూ పనిచేయదు.