వంద కిలోల మనిషికి ఏ ఫోర్కు?

నంద్యాలలోగానీ ఆళ్లగడ్డలోగానీ సైకిల్ షాపుకు వెళ్లి గేర్ల బండి చూపించమంటే ముందుకు వచ్చేది దాదాపుగా షాకప్‌లు ఉన్న సైకిలే. లావు టైర్లు, డిస్క్ బ్రేకులు, ముందు చక్రానికి రెండు పక్కలా మెరిసే ఫోర్కు గొట్టాలు. కొనేవాళ్లు హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు కిందికి నొక్కి చూస్తారు. మెత్తగా దిగి లేస్తే షాకప్ బాగుందనుకుంటారు. అరవై అరవై అయిదు కిలోల కుర్రాడికి ఆ పరీక్ష ఎంతో కొంత సరిపోతుంది. తొంభై అయిదు, నూట పది కిలోలున్న మనిషికి మాత్రం ఆ మెత్తదనమే తర్వాత ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

షుగరో బీపీయో బయటపడ్డాక డాక్టరు నడవమంటే, మోకాళ్ల నొప్పులతో నడవలేక సైకిల్ వైపు చూసేవాళ్లు మన ఊళ్లల్లో చాలామందే ఉన్నారు. వాళ్లు సైకిల్ ఎక్కడం చాలా మంచి విషయం. వాళ్లకు తగిన బండి దొరకాలి. చౌక రకం ఫోర్కులు మాత్రం వాళ్ల బరువును లెక్కలోకి తీసుకుని చేసినవి కావు. ఆ సంగతి కౌంటరు దగ్గర చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ట్రావెల్ (ఫోర్కు మొత్తం దిగే దూరం) ఎంత, లాకవుట్ (ఫోర్కు కదలకుండా బిగించే ఏర్పాటు) ఉందా అని అడిగే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఫోర్కులోని స్ప్రింగును నా బరువుకు సరిచేసుకోవచ్చా? కాదంటే దాని మీద డబ్బు పెట్టవద్దు.

ఫోర్కు లోపల ఉండే ఏర్పాటు మోటారు సైకిల్‌లో ఉన్నట్టే ఉంటుంది. పైన రెండు సన్న గొట్టాలు, వాటి మీద జారే రెండు లావు గొట్టాలు. లోపల స్ప్రింగు ఒకటి, ఆయిలుతో పనిచేసే డ్యాంపరు ఒకటి. గుంతలో పడ్డప్పుడు దెబ్బను స్ప్రింగు తీసుకుంటుంది. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి ఎగిరి తన్నకుండా డ్యాంపరు ఆపుతుంది. మౌంటెన్ సైకిళ్లకు ఇది వచ్చి నలభై ఏళ్లు కూడా కాలేదు. 1989లో అమెరికాలో పాల్ టర్నర్, స్టీవ్ సైమన్స్ కలిసి రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 ఫోర్కును తెచ్చారు. మరుసటి ఏడాది కొలరాడోలోని డ్యురాంగోలో జరిగిన తొలి అధికారిక మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ డౌన్‌హిల్ పందెం గెలిచింది రాక్‌షాక్స్ ఫోర్కుతోనే. ఆ తొలి ఫోర్కులో స్ప్రింగు పని చేసింది గాలి. మన షాపుల్లో చౌక బండ్లకు వచ్చేవాటిలో ఉండేది ఇనప చుట్ట స్ప్రింగు. బరువైన మనిషికి సంబంధించినంతవరకు అసలు తేడా అక్కడే ఉంది.

సైకిల్ మీద కూర్చోగానే ఫోర్కు కొంచెం దిగుతుంది. దాన్ని సాగ్ అంటారు. దిగాలి కూడా, అప్పుడే చక్రం గుంతలోకి జారినా నేలను వదలదు. మామూలు దారులకు మొత్తం ట్రావెల్‌లో 15 నుంచి 25 శాతం దిగితే సరి. 100 మిల్లీమీటర్ల ఫోర్కు తీసుకుందాం. అందులోని స్ప్రింగు ప్రతి 1.4 కిలోలకు ఒక మిల్లీమీటరు నొక్కుకుంటుందనుకుందాం. కూర్చున్న మనిషి బరువులో ముందు చక్రం మీద పడేది సుమారు 40 శాతం. 70 కిలోల మనిషైతే 28 కిలోలు, అంటే సాగ్ 20 మిల్లీమీటర్లు. 105 కిలోల మనిషైతే 42 కిలోలు, అంటే 30 మిల్లీమీటర్లు. గుంత రాకముందే ట్రావెల్‌లో మూడో వంతుకు దగ్గరగా అయిపోయింది. పైగా అదే గుంతలో అదే వేగంతో పడితే ఈయన ఒంటి బరువు తెచ్చే దెబ్బ ఒకటిన్నర రెట్లు. దాన్ని తీసుకోవడానికి మిగిలిన చోటేమో తక్కువ. ఫోర్కు అడుగు దాకా దిగి ఠక్కున కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా మణికట్లకూ భుజాలకూ వస్తుంది. షాకప్ ఉండి కూడా చేతులు నొప్పి పుడుతున్నాయనేవాళ్లకు చాలావరకు జరిగేది ఇదే.

ఇక్కడ ఫోర్కు పైన ఉండే ప్రీలోడ్ బిరడా గురించి చెప్పాలి. దాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని షాపుల్లో చెబుతారు. గట్టిపడదు. తిప్పినప్పుడు స్ప్రింగు ముందే కొంచెం నొక్కుకుని ఉంటుంది. దాంతో బండి ఎత్తు కొంచెం పెరిగి, సాగ్ కొంచెం తగ్గుతుంది. పై లెక్కలో ఆరు మిల్లీమీటర్ల ప్రీలోడ్ వేస్తే 30 కాస్తా 24 అవుతుంది. చూడ్డానికి సరైనట్టే ఉంటుంది. కానీ అదే స్ప్రింగు, ప్రతి 1.4 కిలోలకు అదే ఒక మిల్లీమీటరు. పెద్ద గుంతలో మళ్లీ అడుగుకే తగులుతుంది. లోడు పెరిగితే లారీవాళ్లు కమాన్లకు అదనంగా కట్టలు వేయిస్తారు గానీ ఉన్న కట్టనే బిగించి ఊరుకోరు. అలాగే ఇక్కడా స్ప్రింగునే మార్చాలి. కొన్ని మోడళ్లకు గట్టి స్ప్రింగు విడిగా దొరుకుతుంది. కొనకముందే అడిగి తెలుసుకోవాలి. చౌక రకాలకు దొరకడం కష్టం.

గాలి ఫోర్కుకు ఈ బాధ లేదు. ఫోర్కు ఎడమ కాలు, అంటే ఎడమ పక్క గొట్టం, పైన మూత తీస్తే టైరుకున్నట్టే ఒక వాల్వు ఉంటుంది. బరువును బట్టి ఎంత ప్రెషరు పెట్టాలో చాలా ఫోర్కుల కాలి మీదే పట్టిక అంటించి ఉంటుంది. ఆ పట్టికలో చివరి గడి చూడండి. మీ బరువు ఆ చివరి గడిలోనే ఉంటే ఆ ఫోర్కు మీకు అంచు మీద ఉన్నట్టు. ఇంకొంచెం పై రకానికి వెళ్లడం మంచిది. బరువు అంటే ఒంటి బరువొక్కటే కాదు. హెల్మెట్, బ్యాగు, నీళ్లు కలపాలి. మన ఎండల్లో మూడు లీటర్ల నీళ్లు తీసుకెళ్తే మూడు కిలోలు అక్కడే పెరిగాయి.

గాలి కొట్టడానికి షాక్ పంపు వేరే ఉంటుంది, ప్రెషరు మీటరుతో సహా. టైరు పంపు వాడకూడదు, పెట్రోలు బంకులో గాలి అసలే పట్టించకూడదు. ఫోర్కు లోపలి గది చాలా చిన్నది. కొంచెం గాలి అటూ ఇటూ అయినా ప్రెషరు ఎంతో మారిపోతుంది. సాగ్ కొలవడం మాత్రం ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. పై గొట్టం మీద రబ్బరు రింగు లేకపోతే ఒక దారం చుట్టి, కింది గొట్టానికి ఆనేలా జరపండి. గోడ పట్టుకుని, బ్యాగు తగిలించుకుని, కుదుపు లేకుండా నెమ్మదిగా సీటు మీద కూర్చోండి. అంతే నెమ్మదిగా దిగండి. దారం ఎంత పైకి పోయిందో స్కేలుతో చూడండి. 100 మిల్లీమీటర్ల ఫోర్కుకు 20 దగ్గర ఉంటే బాగున్నట్టు. 25 దాటితే ఇంకొంచెం గాలి కావాలి. ఆ తర్వాత కేసీ కాలువ గట్టు మీద ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ చూడండి. దారం మొత్తం ట్రావెల్ మేర పైకి పోయి ఉంటే ఫోర్కు అడుగు తాకినట్టే. సాగ్ సరిగానే ఉండి కూడా అడుగు తాకుతుంటే గాలి పెంచే ముందు టోకెన్లు వేయించాలి. ఇవి గాలి గదిలో పెట్టే ప్లాస్టిక్ బిళ్లలు. గది చిన్నదైన కొద్దీ చివర్లో ఫోర్కు బిగుసుకుంటుంది, మొదట్లో మెత్తదనం పోదు. బరువైనవాళ్లకు ఇది చాలా పనికొచ్చే సదుపాయం.

నంద్యాల వాతావరణం ఇందులోనూ వేలు పెడుతుంది. తెల్లవారి 25 డిగ్రీల్లో 120 పీఎస్‌ఐ పెట్టి, మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో బండి నిలబెడితే లోపలి ప్రెషరు దాదాపు ఎనిమిది పెరుగుతుంది. ఎండాకాలంలో ఫోర్కు గట్టిపడిందనిపిస్తే కారణం అదే. ఏ పూట తొక్కుతారో ఆ పూటే సరిచూసుకోవాలి.

స్ప్రింగు గట్టిదైతే తిరిగి తన్నే బలమూ పెరుగుతుంది. కాబట్టి బరువైన మనిషికి రీబౌండ్ డ్యాంపింగు ఎక్కువ కావాలి. కింద ఎర్ర గుబ్బ ఉన్న ఫోర్కుల్లో దాన్ని సర్దుకోవచ్చు. బాగా చౌకవాటిలో డ్యాంపరే ఉండదు, స్ప్రింగు ఒక్కటే. షాపులో హ్యాండిల్‌ను గట్టిగా నొక్కి ఒక్కసారిగా వదలండి. ముందు చక్రం నేల వదిలి ఎగిరితే లోపల ఆపేది ఏదీ లేదని తెలుస్తుంది.

తర్వాతి సంగతి గొట్టాల లావు. స్టాంచన్లు అనే ఆ పై గొట్టాలే మనిషి బరువుకూ బ్రేకుకూ వంగకుండా నిలబడాలి. సన్‌టూర్ ఎక్స్‌సీటీ ఫోర్కులో ఇవి 28 మిల్లీమీటర్లు. రాక్‌షాక్స్ రీకాన్‌లో 32, పైక్‌లో 35. ఫాక్స్ ఫోర్కుల పేర్లలో ఉండే 32, 34, 36 అంకెలు ఈ లావే. నాలుగు మిల్లీమీటర్ల తేడా ఏపాటిదని అనిపించవచ్చు. మందం ఒకటే ఉన్న గొట్టంలో వంగకుండా నిలిచే గట్టిదనం అడ్డుకొలత ఘనంతో పెరుగుతుంది. 28 నుంచి 32కు వెళ్తే గట్టిదనం దాదాపు ఒకటిన్నర రెట్లు. 34 అయితే 1.8 రెట్లు. 70 కిలోల మనిషికీ 105 కిలోల మనిషికీ మధ్య తేడా కూడా ఒకటిన్నర రెట్లేనని గుర్తుంచుకుంటే, వంద కిలోలు దాటినవాళ్లు 32కు తగ్గకూడదని ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. చక్రం బిగించే ఇరుసు కూడా చూడాలి. సన్నటి క్విక్ రిలీజ్ కన్నా 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ ఉంటే రెండు కాళ్లూ ఒకటిగా కదులుతాయి, మెలి తిరగవు.

ఈ గట్టిదనం అహోబిలం దారిలో బాగా తెలుస్తుంది. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం దాకా దారి సాఫీగానే పోతుంది. దిగువ నుంచి ఎగువకు నల్లమలలోకి ఎక్కే ఎనిమిది కిలోమీటర్లు, ముఖ్యంగా తిరిగి దిగేటప్పుడు, ఫోర్కుకు అసలైన పని. 105 కిలోల మనిషి, 15 కిలోల బండి కలిపి 120. మలుపు ముందు కొంచెం గట్టిగా బ్రేకు పడితే సుమారు 45 కిలోలు వెనక నుంచి ముందుకు వచ్చేస్తాయి. ముందు చక్రం మీద అప్పటికే ఉన్న 48తో కలిపి తొంభై దాటింది. మెత్తటి ఫోర్కు అక్కడే మునిగి, తలకిందులు చేస్తుందేమో అన్నంతగా ముందుకు వంగుతుంది. డిస్కు ఒక పక్కే ఉంటుంది కాబట్టి సన్న కాళ్లు ఆ పక్కకు మెలి తిరిగి, బండి గీత తప్పుతుంది. బరువైనవాళ్లకు ముందు డిస్కు 180 మిల్లీమీటర్లది ఉండడం మేలు. అంత పెద్దది పెట్టుకోవడానికి ఫోర్కు తయారీదారు అనుమతించారో లేదో చూడాలి. జీపులు ఎగిరెగిరి పోయే పావన నరసింహస్వామి గుడి దారి చూసి ఆశపడేవాళ్లకు ఒక మాట: అది అభయారణ్యం, పులులున్న అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా సైకిల్ తీసుకెళ్లకూడదు.

ట్రావెల్ పెంచితే బరువుకు పరిష్కారం దొరుకుతుందనుకోవడం పొరపాటు. 100కు చేసిన ఫ్రేముకు 140 ఫోర్కు వేస్తే ముందు భాగం లేచి హెడ్ ట్యూబు (ఫోర్కు దూరే ఫ్రేము గొట్టం) కోణం మారుతుంది. 20 మిల్లీమీటర్లకు దాదాపు ఒక డిగ్రీ లెక్క. హెడ్ ట్యూబును వంచే బలం పెరుగుతుంది. బరువైన మనిషి కింద ఆ అతుకే ముందు చీలుతుంది. ఫ్రేము ఏ ట్రావెల్‌కు చేశారో ఆ ట్రావెల్‌లోనే గట్టి ఫోర్కు వేసుకోవాలి. స్టీరర్ అనే ఫోర్కు కాండం కొలత కూడా కుదరాలి. మంచి ఫోర్కుల్లో చాలావాటికి కాండం కింద లావుగా ఉండి 1.5 అంగుళాలు ఉంటుంది. పాత చౌక ఫ్రేముల్లో పైనా కిందా ఒకటే కొలత ఉంటుంది, అందులో ఇది దిగదు. తిన్నటి కాండంతో వచ్చే గాలి ఫోర్కులు కొన్ని దొరుకుతాయి, వెతకాలి. ఫ్రేముకూ చక్రాలకూ కలిపి తయారీదారు చెప్పే గరిష్ఠ బరువు కూడా చదవండి. ఫోర్కు ఒక్కటే గట్టిదై ఫ్రేము ఆగకపోతే ఉపయోగం లేదు.

బడ్జెట్ చాలకపోతే ఏం చేయాలి? నా సలహా సూటిగా చెబుతాను. షాకప్ లేని గట్టి స్టీలు ఫోర్కు, 2.2 అంగుళాలకు తగ్గని టైర్లు, ముప్పై రెండు స్పోకుల చక్రాలు. నంద్యాల నుంచి మహానంది దాకా, ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం దాకా తారు రోడ్డే. కేసీ కాలువ, తెలుగుగంగ గట్లు మట్టి దారులే గానీ రాళ్ల గుట్టలు కావు. టైరులో గాలి బరువుకు తగ్గట్టు పెట్టుకుంటే ఈ దారుల్లో లావు టైరే చాలా దెబ్బల్ని మింగేస్తుంది. అడుగు కొట్టుకునే చౌక షాకప్ రెండున్నర కిలోలదాకా తూగుతుంది, ఎక్కేటప్పుడు తొక్కిన బలంలో కొంత తానే మింగుతుంది. అలాంటిదానికన్నా షాకప్ లేని బండి ఎన్నో రెట్లు నయం.

మంచి గాలి ఫోర్కు కొన్నవాళ్లకు నల్లరేగడి గురించి కూడా చెప్పాలి. వానాకాలంలో కుందూ నది ఒడ్డు పొలాల్లోకి దిగితే ఆ మట్టి టైరుకు అట్టలు కట్టి, ఫోర్కు రెండు కాళ్లను కలిపే వంపు కింద ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. కొనేటప్పుడు టైరుకూ ఆ వంపుకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉందా చూడండి. ఇంటికి రాగానే పై గొట్టాలను మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎండిన మట్టి సీలు దగ్గర నిలిచిపోతే బండి కదిలినప్పుడల్లా గొట్టం మీద గీతలు పడతాయి. గీత పడిన చోట ఆయిలు కారడం మొదలవుతుంది. బరువైన మనిషి కింద ఫోర్కు ఎక్కువ ఒత్తిడిలో పనిచేస్తుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువు కన్నా కొంచెం ముందే ఆయిలూ సీళ్లూ మార్పించండి. ఆ పని చేసే మెకానిక్కు మీ ఊళ్లో ఉన్నారో, కర్నూలుకో హైదరాబాదుకో పంపాలో ఫోర్కు కొనే రోజే కనుక్కోండి.