తలుపు మూయు వేళ

ప్రొద్దు క్రుంకుటకు కొంచెము ముందు కోడికి ఒక తొందర పుట్టును. పగలెల్ల నేల గీరుచు, దుమ్ములో పొరలుచు, ఒకదాని నోటి పురుగును మరియొకటి లాగుకొనుచు గడపిన పక్షి, వెలుగు పలుచబడగానే తల యెత్తి చూచి, ఎవరును తరుమకయే ఇంటిదారి పట్టును. చీకటిలో దానికి చూపు ఆనదు. తెలుగుపల్లెలో పెరటి అరుగుమీద కూర్చున్న ముసలమ్మ అప్పుడు లేచి, కోళ్లను ఒక్కొక్కటిగా లెక్కించి, గంప బోర్లించి, దానిపై రాయి పెట్టును. ఒకటి తక్కువైనచో ఆమెకు అన్నము సహింపదు. దీపము చేతబట్టి దొడ్డి యంతయు వెదకును.

ఇదే దృశ్యము, గంపకు బదులు కొయ్యగూటితో, ముసలమ్మకు బదులు కార్యాలయమునుండి అప్పుడే వచ్చిన గృహస్థుతో, ఇంగ్లండులో ఎన్నో ఇండ్ల తోటలయందు ప్రతిసాయంకాలము జరుగుచుండును. అచ్చట తోటలో పెంచుటకు పలువురు కోరుకొను కోడి బాంటము. దానికి కలిగిన శత్రువులలో మొదటిది నక్క. కోడిని పగలు స్వేచ్ఛగా తిరుగనిచ్చి, రాత్రి ప్రాణముతో ఉంచుట యెట్లు అనునదే అచ్చటి గృహస్థు నిత్యసమస్య.

బాంటమనునది మొదట కోడిపేరు కాదు, ఊరిపేరు. జావాద్వీపపు పడమటి కొనయందు బాంటెన్ అను రేవుపట్టణము కలదు. 17వ శతాబ్దారంభమున మిరియాలకై వచ్చిన డచ్చివారును ఆంగ్లేయులును అచ్చట కోఠీలు నెలకొల్పిరి. మచిలీపట్టణమున ఆంగ్లేయులు 1611లో కోఠీ పెట్టుటకును ఆ రేవునకును సంబంధము లేకపోలేదు. కోరమండలతీరపు వస్త్రములను తూర్పుదీవులకు గొనిపోయి, అచ్చటి మిరియములను సంపాదించుట వారి వ్యాపారపుటెత్తు. అట్టి ఓడలలో ఎక్కిన చిన్నకోళ్లకు నావికులు రేవుపేరునే తగిలించిరి. క్రమముగా, ఏ దేశమున పుట్టినదైనను, పొట్టికోడి కెల్ల ఆ పేరే స్థిరపడినది. 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో సర్ జాన్ సెబ్రైట్ అను ఆంగ్లేయప్రభువు, ప్రతి యీకకును నల్లని అంచు దిద్దినట్లుండు బాంటమును ఏండ్ల తరబడి జతకూర్చి సాధించెను. నేటికిని ఆ జాతి ఆయన పేరనే చెలామణి యగుచున్నది.

బాంటము బరువు సాధారణముగా అరకిలో మొదలు కిలో వరకు ఉండును. మేత తక్కువ. గ్రుడ్డు చిన్నది. పెద్దకోడివలె పచ్చికను పెళ్లగించి తోటను బీడు చేయదు. పొదుగుబుద్ధియు, పిల్లలయెడ మమతయు మెండు. చిన్న తోట గలవారికి ఇంతకంటె తగిన పక్షి లేదు. కాని దాని తేలికతనమే ఒక చిక్కు తెచ్చిపెట్టును. పెద్దకోడి దాటలేని కంచెను ఇది రెక్కలార్చి దాటిపోవును. గూడు నచ్చకున్నచో చెట్టెక్కి కూర్చుండును.

ఇక నక్క మాట. తెలుగువారు నక్క యన్నప్పుడు వారి మనసున మెదలునది ఊరిబయట రాత్రులందు ఊళలు వేయు జంతువు. దానికంటె చిన్నదై, బొరియలలో వసించు గుంటనక్క మరియొకటి. ఇంగ్లండు నక్క గుంటనక్కకు చుట్టము. అయితే గుంటనక్క రెండు మూడు కిలోలు మాత్రమే తూగగా, ఎర్రని బొచ్చుతో, తెల్లని తోకకొనతో నుండు ఈ నక్క ఐదు మొదలు ఏడు కిలోల వరకు తూగును. ఇది అడవిని మాత్రమే నమ్ముకొన్న జంతువు కాదు. రెండు ప్రపంచయుద్ధముల నడుమ లండను చుట్టును తోటలు గల ఇండ్లు విస్తరించినప్పుడు, 1930 ప్రాంతమునుండి, ఇదియు మనుష్యునితోపాటు నగరవాసి యైనది. తోటమూలనున్న కొట్టము క్రింద కాపురము పెట్టి, వీధిదీపముల వెలుగులో రాకపోకలు సాగించుచున్నది. నక్కతోక త్రొక్కివచ్చినవాడు అదృష్టవంతుడని తెలుగువారి నానుడి. కోళ్లు పెంచువాడు మాత్రము ఆ యదృష్టమును కోరడు.

నక్కజిత్తులని లోకము ఊరక అనదు. అయినను దాని నిజమైన బలము జిత్తులలో లేదు, ఓపికలో నున్నది. అది ప్రతిరాత్రియు తన యెల్లలో ఒక చుట్టు తిరుగును. నిన్న మూసియున్న తలుపును నేడును మూతితో ఒకసారి తాకి చూచును. నూరు రాత్రులు వట్టిచేతులతో మరలిపోయినను దానికి విసుగు పుట్టదు. నూటయొకటవ రాత్రి మనుష్యుడు మరచిపోయినచో చాలును. మార్చి ఏప్రిలు మాసములలో దానికి పిల్లలు పుట్టును. నాలుగైదు నోళ్లకు ఆహారము తేవలసిన ఆ వసంతకాలమున రాత్రికొరకు ఎదురుచూచుటకు వీలుండదు. పట్టపగలే కంచెదాటి, కన్నుమూసి తెరచునంతలో ఒక పక్షిని గొనిపోవును.

తలుపు మరచిన రాత్రి తెల్లవారినప్పుడు కనబడు దృశ్యము కఠినమైనది. ఒక కోడి మాయమై యుండుట కాదు. ఆరు కోళ్లుండిన ఆరును చచ్చి పడియుండును. తినబడినది ఏమియు కానరాదు. నక్క సరదాకై చంపునని జనులు దానిని తిట్టుదురు. జంతుశాస్త్రజ్ఞుడు హాన్స్ క్రూక్ ఈ విషయమును పరిశీలించి 1972లో ఒక వ్యాసము ప్రకటించెను. ఇంగ్లండు వాయవ్యతీరమందలి రావెన్‌గ్లాస్ అనుచోట, నల్లతల గల సముద్రపక్షులు నేలపై గూళ్లు కట్టుకొనును. కటికచీకటి రాత్రులందు అవి ఎగురక కదలక కూర్చుండగా, నక్కలు వాటిని తాము తినగలిగినదానికి ఎన్నోరెట్లు చంపిపోయెను. కడుపు నిండినచో నక్క వేటకై వెదకుట మానును. కాని కాలికి తగిలిన పక్షిని పట్టుట మానదు. ఎరలో ఒకటి చిక్కినంతనే తక్కినవి చెదరిపోవుట ప్రకృతిలోని వాడుక. అవి చెదరిపోనప్పుడు ఎచ్చట ఆగవలెనో దానికి తెలియదు. మిగిలినదానిని ఒక్కొక్కటిగా గొనిపోయి పాతిపెట్టుకొనుటయు దాని అలవాటే. తెల్లవారుటచే ఆ పని సగములో నిలిచిపోవును.

ఇందుండి కోళ్లగాపరి గ్రహింపవలసిన సత్యమొకటి కలదు. చీకటి, కదలిక లేమి, పారిపోవు దారి లేకుండుట - ఈ మూడును కోళ్లగూటిలో మనుష్యుడు తన చేతులార కూర్చినవే. మూసియున్నంతవరకు అది కోట. తెరచి విడిచినచో చెట్టుకొమ్మకంటె ప్రమాదకరమైన బోను. కోడిని పెంపునకు తెచ్చినవాడు దాని ఎగిరిపోవు హక్కును తీసికొన్నాడు. అందుకు బదులుగా కాపుదల బాకీ పడినాడు.

ఆ కాపుదల ఇట్లుండవలెను. కోళ్లవల యని అంగళ్లలో అమ్ము ఆరుమూలల కన్నుల పలుచని తీగవల కోడిని లోపల నిలుపుటకే గాని నక్కను వెలుపల నిలుపుటకు పనికిరాదు. నక్క దానిని పండ్లతో కొరికి చించును. తీగలను అడ్డముగ నిలువుగ అతికిన గట్టి జాలి కావలెను. కన్ను అర అంగుళమున్నచో ఎలుకలును, ముంగిసను బోలు సన్నని వీజిలు జంతువును కూడ దూరలేవు. కంచె ఆరడుగుల ఎత్తుండి, పైయంచు బయటివైపునకు అడుగు మేర వంగియుండవలెను. లేనిచో నక్క పిల్లివలె ఎగబ్రాకును. అడుగున జాలిని అడుగు లోతు పాతి, అచ్చటినుండి బయటివైపునకు మరియొక అడుగు పరచి మన్ను కప్పవలెను. నక్క కంచె మొదటనే త్రవ్వును. గోళ్లకు జాలి తగిలినప్పుడు వెనుకకు జరిగి త్రవ్వవలెనను ఊహ దానికి సాధారణముగా తోపదు.

గూడు నేలకు అడుగెత్తున కాళ్లపై నిలిచియుండుట మేలు. అడుగున ఎలుకలు కాపురము పెట్టవు. కోళ్లు వాలు కర్ర గ్రుడ్లు పెట్టు పెట్టెలకంటె ఎత్తున నుండవలెను. కోడి ఎప్పుడును పైచోటునే కోరును. ఒక్కొక్క బాంటమునకు ఆరు మొదలు ఎనిమిదంగుళముల చోటు చాలును. గాలిరంధ్రములు వాటి తలలకు పైన నుండవలెను. పొడిచలికి కోడి అంతగా చెడదు. చెమ్మకును, రెట్టల ఘాటునకును చెడును. తలుపునకు తిరుగుడుబిళ్లవంటి గొళ్లెము చాలదు. నక్క మూతితో ఎత్తినను పంజాతో లాగినను కదలని గడియ యుండవలెను.

ఇంత కట్టిన గూటిని ఒక సూక్ష్మకీటకము వమ్ము చేయగలదు. కోళ్లను పీడించు ఎర్రని నల్లి పగలు కొయ్యల సందులలో దాగి, రాత్రి పక్షుల నెత్తురు పీల్చును. గూడు దీనితో నిండినచో బాంటములు సాయంకాలము గుమ్మమువరకు వచ్చి, లోనికి పోనొల్లక చెట్టెక్కును. యజమాని అది మొండితనమని కసరును. చీకటితోనే చెట్టుదిగు కోడి నేలను తాకువేళకు నక్క అచ్చట వేచియుండును. గూటి సందులను శుభ్రము చేయుటయు నక్కనుండి కాపాడుటలో భాగమే.

ఇన్ని చిక్కులేల, పగలును రాత్రియు జాలిలోనే బంధించి యుంచరాదా యని అడుగువారు కలరు. పక్షులకు సోకు విషజ్వరము వ్యాపించినప్పుడు, 2021-22, 2022-23 శీతకాలములలో, బ్రిటిషు ప్రభుత్వమే కోళ్లను లోపల ఉంచవలెనని శాసించినది. ఇంగ్లండు, వేల్సులలో 2024 అక్టోబరు 1వ తేదీనుండి ఒక్క కోడి యున్నను నమోదు చేయించుట తప్పనిసరి యైనది. ఆ శీతకాలములలో తోటలు బోసిపోయినవి. జాలిలోని కోడి బ్రదుకును. కాని ఎండలో రెక్క చాచి పండుకొనుట, దుమ్ములో స్నానమాడుట, ఆకులక్రింద పురుగును కనిపెట్టి తోటివారిని పిలుచుట - ఇవి దాని జీవితములోనివే గదా! పెద్ద జాలియావరణములో ఎల్లవేళల నుంచి, యజమాని తోటలో నుండు గంటలలో మాత్రము బయటికి విడుచుట పలువురు అనుభవజ్ఞులు ఎన్నుకొన్న నడిమిదారి.

అన్నిటికంటె కష్టమైనది కాలము. తెలుగుదేశమున ప్రొద్దు క్రుంకు వేళ ఏడాదిలో గంటకు కొంచెము మించి మారదు. ముసలమ్మకు గడియారముతో పనిలేదు. లండనులో జూను చివర రాత్రి 9 గంటల 20 నిమిషములకు గాని సూర్యుడు అస్తమింపడు. డిసెంబరులో నాలుగు గంటలకు ముందే అస్తమించును. వేసవిలో గృహస్థు నిద్రకు తూగుచుండగా కోళ్లింకను పచ్చికపై తిరుగుచుండును. శీతకాలమున అతడు ఆరుగంటలకు ఇల్లు చేరునప్పటికి చీకటిపడి రెండు గంటలు దాటియుండును. నక్కకు ఆ రెండు గంటలు చాలును.

అందుచేతనే, వెలుతురు తగ్గుట పసిగట్టి తమంతట దిగు యంత్రపు తలుపులు వాడుకలోనికి వచ్చినవి. అవి మేలైనవే. కాని యంత్రము తలుపు వేయునే గాని తలలు లెక్కింపదు. బాటరీ క్షీణించినను, గుమ్మములో గడ్డిపోచ అడ్డుపడినను, ఒక పెట్ట పొదలో పొదుగుచు వెనుకబడినను దానికి తెలియదు. వెనుకబడిన ఆ పెట్టకు మూసిన తలుపే మృత్యువు.

కావున యంత్రము గలవాడును సాయంకాలము ఒకసారి దీపము పట్టుకొని పోక తప్పదు. విందునకు పోయినను మధ్యలో గడియారము చూచి లేచును. ఊరికి పోవలసివచ్చినచో పొరుగువానికి తాళముచెవి ఇచ్చి, సంఖ్య చెప్పి పోవును. వాన కురియుచున్నను, జ్వరము తగిలినను గూటి మూత ఎత్తి చూచును. కర్రపై వరుసగా ఒదిగిన పక్షులు వెలుగునకు కన్నులు మిటకరించి, సన్నగా గొణిగి, మరల తలలు ముడుచుకొనును. ఒకటి, రెండు, మూడు... ఆరు. అప్పుడు మూత దించి, గడియ వేసి, అది పడినదో లేదోయని మరియొకసారి లాగిచూచి, ఇంటివైపు నడచును. కంచె కావల నక్క తన చుట్టు తిరుగుట మొదలిడియుండును.