కణాలు రాలుతున్నా చర్మం ఎందుకు కారదు?

మన చర్మం రోజూ రాలుతూనే ఉంటుంది. స్నానం చేసేటప్పుడు రుద్దితే వచ్చే మట్టిలో చర్మపు మృతకణాలు కూడా ఉంటాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు 4 వారాలు పడుతుంది. ఇన్ని కణాలు ఊడిపోతున్నా ఒంట్లోని నీరు బయటకు కారిపోదు. బయటి సూక్ష్మజీవులు సులువుగా లోపలికి చొరబడలేవు. ఇదెలా సాధ్యం?

చర్మపు పైపొరలో రెండు అడ్డుగోడలు ఉన్నాయి. మొదటిది అన్నిటికంటే పైన ఉండే మృతకణాల పొర. ఇటుకల్లా పేర్చిన చదునైన కణాల మధ్య కొవ్వు పదార్థాలు సిమెంటులా పట్టి ఉంటాయి. దాని కిందనున్న సజీవ కణాలది రెండో గోడ. పక్కపక్క కణాలను సందు లేకుండా బిగించే ప్రొటీన్ల అతుకులే ఈ గోడకు ఆధారం. వీటిని 'టైట్ జంక్షన్లు' అంటారు.

ఈ అతుకులు ఎంత కీలకమో 2002లో జపాన్ శాస్త్రవేత్తల ప్రయోగం చూపింది. వాటిలో ఉండే క్లాడిన్-1 అనే ప్రొటీన్ లేకుండా పుట్టిన ఎలుక పిల్లలు ఒక్క రోజులోపే చనిపోయాయి. చర్మం గుండా నీరు కోల్పోవడమే అందుకు కారణం.

అయితే ఈ గోడలోని కణాలు కూడా ఒక్కొక్కటిగా పైకి జరిగి, కింది కణాలకు చోటివ్వాలి. అలా జరిగేటప్పుడు అతుకు ఊడిపోదా? ఈ ప్రశ్నకు జపాన్‌లోని కియో విశ్వవిద్యాలయం, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2016లో సమాధానం చెప్పారు. ఎలుక చెవి చర్మాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించగా, ఈ కణాలకు అణచినట్టున్న 14 ముఖాల ఆకారం ఉందని తేలింది.

భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ 1887లోనే 14 ముఖాల ఆకారం గురించి చెప్పారు. స్థలాన్ని ఖాళీ లేకుండా సమాన పరిమాణం గల గదులుగా విభజించాలి, గోడల వైశాల్యం మాత్రం అతి తక్కువగా ఉండాలి. ఆ గది ఎలా ఉండాలన్నది ఆయన ప్రశ్న. 6 చతుర్భుజాలు, 8 షడ్భుజాలు గల ఆకారాన్ని ఆయన ప్రతిపాదించారు.

చర్మంలో ఈ ఆకారపు అంచుల వెంటే అతుకులు ఏర్పడతాయి. పాత కణం తన అతుకును వదలకముందే, దాని కిందనున్న కొత్త కణం ఇరుగుపొరుగు కణాలతో అతుక్కుంటుంది. పెంకుటింటి కప్పుపై పగిలిన పెంకు తీయకముందే దాని కింద కొత్త పెంకు దూర్చినట్టన్నమాట. కాబట్టి మార్పిడి జరుగుతున్నంతసేపూ గోడలో చిల్లు పడదు.

ఈ వివరాలు చర్మవ్యాధులను అర్థం చేసుకోవడానికి అవసరం. పైపొర కణాల్లో తయారయ్యే ఫిలాగ్రిన్ ప్రొటీన్ జన్యువులో లోపముంటే ఎగ్జిమా ముప్పు బాగా పెరుగుతుందని 2006లో వెల్లడైంది. అప్పటివరకు ఎగ్జిమాను ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థ సమస్యగానే చూసేవారు. చర్మపు గోడ బలహీనపడటం కూడా వ్యాధికి మూలం కావచ్చని ఇప్పుడు గుర్తిస్తున్నారు. ఎగ్జిమా ఉన్నవారికి దురద తగ్గించే మందులతో పాటు, చర్మంలో తేమ నిలిపే లేపనాలను క్రమం తప్పకుండా రాసుకోమని వైద్యులు చెప్పేది కూడా ఆ గోడను కాపాడుకోవడానికే.