వరి జన్యువుకు మూడు పేర్లు: కంప్యూటరుకు చిక్కు

అమృతలూరు: ఇక్కడి రైతులెరిగిన సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో వచ్చిన వంగడం. దానికి ఎండాకు తెగులు బెడద. హైదరాబాదు శాస్త్రజ్ఞులు మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన రకం ఇచ్చారు. వాటిలో ఎక్స్‌ఏ13 అనేది తెగులుకు దారిచ్చే జన్యువు మారిన రూపం.

ఆ జన్యువునే కొన్ని పరిశోధన పత్రాలు ఓఎస్‌8ఎన్‌3 అని, మరికొన్ని ఓఎస్‌స్వీట్‌11 అని రాశాయి. ఇంట్లో ముద్దుపేరు, బడిలో అసలు పేరు అన్నట్టు! వైద్య, జీవశాస్త్ర పత్రాలు మూడు కోట్లు దాటినందున కంప్యూటరే వాటిని జల్లించి, ఒకే వాక్యంలో కనిపించే జన్యువులకు చుట్టరికం కలుపుతుంది. పేర్లన్నీ ఒక్కదానివేనని ముందే చెప్పకపోతే మూడనుకుంటుంది. "సంబంధం లేదు" అన్న వాక్యాన్నీ సంబంధంగానే పట్టుకోవచ్చు.

పొరపాటు చిన్నది కాదు. ఈ జన్యువు పుప్పొడికీ అవసరమని చైనా శాస్త్రజ్ఞులు 2006లో తేల్చారు. దాన్ని అణిచేస్తే తెగులు తగ్గినా, కంకిలో తాలు పెరుగుతుంది.