పెరటిలో ఎర్రచందనము

మా అత్తగారి పెట్టెలో రెండు మరపాచి బొమ్మలు కలవు. జానెడెత్తు రాజు, రాణి. ఆమె పెండ్లినాడు తల్లి యిచ్చినవి. దసరా వచ్చినదనగా వానిని వెలికిదీసి, నూనెగుడ్డతో తుడిచి, కొలువులో పైమెట్టున నిలుపుట మా యింట వాడుక. పసిబిడ్డలు వానిని నోట బెట్టుకొన్నను అత్తగారు వారింపరు. చందనపు కొయ్య మేలే చేయునని ఆమె నమ్మకము. బొమ్మను చేతబట్టిన వారికి మొదట తోచునది బరువు. ఆ చేవకొయ్య నీట వేసిన తేలదు, మునుగును. వాసన చూడబోయినవారు మాత్రము నిరాశ పడుదురు. పేరు చందనమే గాని యిది శ్రీగంధమునకు చుట్టము కాదు; వేగిసచెట్టునకు తోబుట్టువు.

గడచిన దసరాకు మా పెద్దమ్మాయి ఆ బొమ్మలను తుడుచుచు, "అమ్మా, నా పెండ్లికి నీవును ఇట్టి జత యిత్తువా?" అని అడిగెను. ఇయ్యవలెనను కోరిక మాకు లేకపోలేదు. ఆ కొయ్య యెక్కడినుండి వచ్చును? ఈ ప్రశ్నయే మమ్ము ఇన్ని మాటలు వ్రాయించుచున్నది.

సోదరీమణులారా, ఎర్రచందనము మన సీమ చెట్టు. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, అహోబిలమువైపు నల్లమల, ఇంతే దాని పుట్టినిల్లు. ఈ కొండలు దాటిన లోకమున మరెచ్చటను అది తనంత తాను పుట్టలేదు. నడిసముద్రములోని దీవికి మాత్రమే చెందిన చెట్లు కొన్ని యుండునని మా వారు పిల్లలకు పాఠము చెప్పుచుందురు. మైదానముల నడుమ మన కొండలును ఈ చెట్టుకు దీవియే. పలుగురాళ్లు, పలకరాళ్లు, చాలీచాలని వానలు, మండుటెండలు, ఇవియే దానికి పథ్యము. బెరడు మొసలి వీపువలె పలకలు పలకలుగా చీలియుండును. గంటు వేసిన నెత్తురువలె ఎర్రని బంక కారును. ఎండలు ముదురునప్పుడు పసుపుపచ్చని పూలు పూచును.

ఈ చేవకై దేశదేశములవారు ఆశపడిరి. చీనావారు పీటలు, పెట్టెలు చేయింతురు. జపానువారు షామిసెన్ అను మూడు తీగెల వాద్యమునకు మేలిరకపు కాడ దీనితోనే చెక్కుదురు. ఐరోపావారు వెనుకటికి రంగుకై కొనిరి. ఆశ పెరిగినకొలది కొండలు బోడియైనవి. 1995లో ఈ చెట్టును సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడికలో చేర్చి వ్యాపారమునకు కట్టడి విధించిరి. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దానిని అంతరించు ప్రమాదమున నున్న వాని పట్టికలో మరల నిలిపిరి. చెట్లు మాత్రమే పోవుచున్నవా? 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలము అడవులలో పోలీసుల కాల్పులకు 20 మంది కట్టెకొట్టువారు మడిసిరి. తమిళసీమనుండి కూలికి వచ్చిన పేదలు. కూలి యిచ్చి పంపినవాడు అడవిలో నుండడు గదా! ఆ యిరువది యిండ్ల ఆడువారిని తలచుకొన్నప్పుడు, పత్రము లేని బొమ్మను ముచ్చటపడి కొనుటకు మాకు చేయి రాలేదు.

కావున పెంచి చూతమని పూనుకొంటిమి. అడవినుండి మొక్క పెరికి తెచ్చుట తప్పని ముందే యెరుగుదుము. అటవీశాఖవారి నర్సరీలో కాయలు సంపాదించితిమి. కాయ గుండ్రము, చుట్టును రెక్క. అప్పడపు బిళ్లవలె నుండును. లోపల గింజ ఒకటి, అరుదుగా రెండు. పైపెంకు మిక్కిలి గట్టిది. మొదటి యేడు ఆ సంగతి తెలియక బీరగింజలు నాటినట్లు నాటితిమి. నలువది కాయలలో ఒక్కటియు మొలవలేదు. అత్తగారు నవ్వి ఊరకుండిరి.

మరుసటి యేడు మాఘమున క్రొత్త కాయలు తెచ్చి, రెక్కలు కత్తిరించి, దినమునకొకసారి నీరు మార్చుచు మూడు దినములు నానబెట్టితిమి. ఒక పూట నీట నుంచి ఒక పూట ఎండబెట్టుటయు మంచిదందురు. ఎర్రమన్ను, ఇసుక, చివికిన పెంట సమముగా కలిపిన సంచులలో వేసి వేచియుంటిమి. ఇరువది దినములు దాటువరకు ఆశ విడువరాదు. పదునెనిమిది మొలచినవి. వానిలో నాలుగింటిని మేమే చంపితిమి. కరవుసీమలో పుట్టినవారికి పచ్చని మొక్కను చూచిన చేయి నిలువదు, పూటపూటకు నీరు పోసితిమి, వేళ్లు కుళ్లినవి. ఈ చెట్టు ఎండకు ఓర్చును గాని నిలువనీటికి ఓర్వదు. మూడు మేకల పాలైనవి. మిగిలినవి పదునొకండు.

తొలకరికి మూరెడు లోతు గుంటలు త్రవ్వి, నాలుగేసి గజముల యెడముతో, నీడ సోకని చోట నాటవలెను. మొదటి రెండు వేసవులు వారమునకొకసారి నీరు, చుట్టును ముండ్లకంప. అంతకుమించి అది మనలను అడుగదు.

ఈ నడుమ ఒక పెద్దమనిషి మంచి కాగితముపై అచ్చువేసిన పత్రములతో మా వీధికి వచ్చెను. తమ సంస్థలో ఎకరము కొన్న పదియేండ్లకు కోటి రూపాయలని అతని మాట. మా వారు లెక్కల పంతులు, పెన్సిలు తీసి, "పదియేండ్ల చెట్టులో చేవ యెంత?" అని అడిగిరి. అతడు మాట మార్చెను. కొయ్యకు వెల తెచ్చునది లోపలి ఎర్రని చేవయే. పైనున్న తెల్లచెక్క వంటచెరకునకే పనికివచ్చును. చేవ పట్టుటకు పాతికేండ్లో, నలువదియేండ్లో కావలెను. రాతినేలలో నెమ్మదిగా పెరిగిన చెట్టుకే మంచి చేవ యని కొండవారి అనుభవము. నీరు, ఎరువులు దండిగా పెట్టి బలిపించిన చెట్టు చూపునకే లావు. మా పొరుగింటి యిల్లాలు గాజులమ్మి ఆ సంస్థకు కట్టినది. నేడు వారి దుకాణమునకు తాళము. ఆమె యెదుట ఎర్రచందనమను పేరెత్తుటకు మాకు నోరాడదు.

పెంపకము చేయదగనిదని మా భావము కాదు. మన దేశపు ఎర్రచందనపు వ్యాపారముపై 2004 నుండి సైటిస్‌వారు సాగించిన ప్రత్యేక విచారణ 2023 నవంబరులో ముగిసినది. న్యాయముగా పెంచిన రైతుకు ఇది శుభవార్తయే. అయినను మన పట్టాభూమిలోని చెట్టును సైతము అటవీశాఖ అనుమతి లేక కొట్టరాదు. దుంగను తరలించుటకు 1969 నాటి నిబంధనల ప్రకారము రవాణా పత్రము వలయును. మొక్క కొన్ననాటి రసీదు మొదలు అన్నియు భద్రపరుపవలెను. తాత నాటిన చెట్టుకు మనుమడు సాక్ష్యము చూపవలసివచ్చును గదా! ఆ కాగితములు దాచు పని మగవారికి విడిచిన ఏమగునో మనకు తెలియనిది కాదు. ఇనుపపెట్టెలో పట్టాపుస్తకము ప్రక్కన పెట్టుడు.

మరియొక మాట. తోటలున్నవి గదా, కొండపై చెట్లు పోయిన నేమి యనువారు కలరు. ఒకే తల్లిచెట్టు గింజతో వేసిన తోట ఒకే కాన్పు బిడ్డలవంటిది. ఒక తెగులు వచ్చిన అన్నింటికిని వచ్చును. కొండమీది చెట్లలో ఎన్నో వంశములు కలవు. మన పెరటి చెట్టు అడవిచెట్టుకు బదులు కాజాలదు. అడవి కొయ్యపై ఆశను ఒకింత తగ్గింపగలదు, అంతమాత్రమే. బొమ్మలు కొనదలచినవారు తిరుపతిలోనైనను, మరెచ్చటనైనను, కొయ్య అటవీశాఖ వేలములో కొన్నదేనా, రసీదు కలదా యని అడుగుటకు మొగమాటపడకుడు.

పదునొకండు మొక్కలలో ఆరు బడి ప్రహరి వెంబడి నాటించితిమి. రెండు పొరుగింటి యిల్లాలికి ఇచ్చితిమి. మొదట వలదన్నది, మరునాడు తానే గుంట త్రవ్వించినది. మూడు మా పెరటిలో నున్నవి. మా అమ్మాయి పెండ్లినాటికి వానిలో చేవయన్నది పుట్టియుండదు. ఆ మాట చెప్పగా పిల్ల చిన్నబోయినది. అత్తగారు విని, మాటాడక లోపలికి పోయి, పెట్టెలోని రాజును రాణిని తెచ్చి దాని ఒడిలో పెట్టిరి. ఇప్పుడది ప్రతి ఆదివారమును చెంబెడు నీరు మూడు మొక్కలకు పంచి పోయుచున్నది.